అక్క ట్యాంకు, తమ్ముడి ట్యాంకు

"మనిషికి వయసైపోయిందంటే ఒప్పుకుంటాను. మిషనుకి వయసైపోయిందన్నా ఒప్పుకుంటాను. ఆటకి వయసేంటయ్యా? నిన్నో మొన్నో ఆడినట్టుంది నాకు. ఇది చూడు, 'ఈ ప్రోగ్రాం మీ కంప్యూటర్లో నడవదు' అంటోంది. నడవదని చెప్పడానికి ఇదెవరు నాకు?"

టైపు అక్క కొత్త మానిటరు అంచుమీద గోటితో టకటకా కొట్టింది. తరగతిలో అల్లరిచేసేవాళ్ళ బల్లమీద కొట్టినట్టు.

"కాస్త జరుగక్కా, నేను చూస్తాను," అన్నాను.

"జరుగుతాను గానీ, వారంనించి దీంతో కుస్తీ పడుతున్నాను. నువ్వు కూర్చోగానే బుద్ధిమంతురాలిలా నడిచిందో, ఇద్దర్నీ కలిపి బయటికి గెంటేస్తాను."

ఆరోజు నేను వెళ్ళింది నా కాగితాలు టైపు చేయించుకోవడానికి. ఆ వీధిలో అందరికీ ఆవిడ టైపు అక్కే. ఆవిడకంటే పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలుస్తారు. ఇరుకు కొట్టు. ముందు జిరాక్సు మిషను, వెనక రెండు కంప్యూటర్లు, గోడవారగా గుడ్డ కప్పిన టైపు మిషన్లు. ఒకప్పుడు ఆ గదిలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా వడగళ్ళవాన కురిసినట్టు చప్పుడు ఉండేదట. ఎంతమందికి టైపు నేర్పిందో ఆవిడకే లెక్కలేదు. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకి "బ్యాచీల మధ్య ఖాళీ దొరకలేదు" అని చెప్పేది. వెనక తలుపు తీస్తే మెట్లు, మెట్లెక్కితే ఇల్లు. ఆ ఇంట్లో ఆవిడ, తమ్ముడు, మరదలు.

ఆట తమ్ముడి కోసం.

ఆయన బడి బస్సు నడిపేవాడు. చలికాలం మొదట్లో ఒక పొద్దున పిల్లలందర్నీ బడి దగ్గర దించి, బస్సు షెడ్డులో పెట్టి, హ్యాండ్‌బ్రేకు వేసి, స్టీరింగు మీదికి ఒరిగిపోయాడు. పక్షవాతం. కుడివైపంతా పడిపోయింది. హ్యాండ్‌బ్రేకు వేసి మరీ పడిపోయాడని తోటి డ్రైవర్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆస్పత్రినించి వచ్చాక కాలు కొంత తిరిగొచ్చింది. కర్ర పట్టుకుని, పక్కన ఒకరుంటే మెట్లు దిగగలడు. చెయ్యి రాలేదు. మాటలు కూడా రాలేదు. ఉన్న మాటలన్నీ పోయి "సరే" ఒక్కటే మిగిలింది. ఆకలేస్తే సరే, వద్దంటే సరే, కోపమొస్తే సరే. ఏ సరే ఏమిటో గొంతునిబట్టి ఇంట్లోవాళ్ళే పోల్చుకోవాలి.

"పెళ్ళయిన ఇన్నేళ్ళకి నేనేమన్నా సరే అనే మొగుడు దొరికాడు వదినా," అని మరదలు ఒకసారి నవ్వింది. ఆ నవ్వు సగంలోనే తెగింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

కసరత్తు చేయించడానికి ఒక అమ్మాయి వచ్చేది. రబ్బరు బంతి పిసకమనేది. రంగురంగుల పూసలు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి వెయ్యమనేది. ఊరి పిల్లలందర్నీ భద్రంగా దించి వచ్చినవాడి చేతికి పూసలిస్తే ఎలా ఉంటుంది? బంతిని కిటికీలోంచి వీధిలో పడేశాడు. పూసల గిన్నె బోర్లించాడు. ఆ అమ్మాయి కోపగించుకోలేదు. వెళ్ళేముందు అక్కని మెట్లమీద ఆపి చెప్పింది. "వేళ్ళలో కదలిక ఇంకా ఉందండీ. కానీ ఇప్పుడు వాడకపోతే అది కూడా పోతుంది. తర్వాత మనమెంత మొత్తుకున్నా రాదు. ఆయనకి ఇష్టమైన పని ఏదన్నా ఉంటే అదే చేయించండి."

ఇష్టమైన పని బస్సు నడపడం. అది ఎక్కణ్ణుంచి తెస్తారు?

ఒక మధ్యాహ్నం ఊరికే కొట్లోకి దింపి కూర్చోబెట్టారు. ఆయన చాలాసేపు అటూ ఇటూ చూశాడు. ఒక బల్లకింద దుమ్ముపట్టిన పాత కంప్యూటరు పెట్టె ఉంది. కర్రతో దానిమీద కొట్టి "సరే" అన్నాడు. మళ్ళీ కొట్టి, అక్క వంక చూసి, "సరే" అన్నాడు.

అక్కకి వెంటనే అర్థమైంది. అది ఆవిడ కొన్న మొట్టమొదటి కంప్యూటరు. అందులో ఒక ట్యాంకుల ఆట ఉండేది. ఇటుక గోడల మధ్య రెండు ట్యాంకులు ఒకదాన్నొకటి వేటాడాలి. ఇద్దరూ ఒకే కీబోర్డు ముందు కూర్చోవాలి. ఎడమవైపు అక్షరాల కీలు అక్కవి. కుడివైపు బాణాల కీలు తమ్ముడివి. సాయంత్రం ఆఖరి బ్యాచి వెళ్ళిపోగానే ఆడేవారు. ఓడినవాళ్ళు షట్టరు దించాలి. తమ్ముడికి కొత్తగా పెళ్ళయిన రోజుల్లో కూడా ఇద్దరూ ఆటలో పడి భోజనానికి రాకపోతే, మరదలు మెట్లమీద నిలబడి "యుద్ధం అయిందా, అన్నం చల్లారిపోతోంది" అని అరిచేదట.

"పడినప్పట్నించి వాడు నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే," అంది అక్క. "అది కూడా ఇవ్వలేకపోతే ఇంకెందుకయ్యా నేను?"

నాకు కంప్యూటర్లు ఎవరూ నేర్పలేదు. పాడైనవి విప్పి, బాగున్నవి పాడుచేసి నేర్చుకున్నాను. వారం కిందట అక్క అడిగితే ఆ పాత పెట్టె మూత విప్పాను. లోపల బోర్డుమీది చిన్న చిన్న డబ్బాల్లాంటివి ఉబ్బి, కారి, ఎండిపోయి ఉన్నాయి. దానికిక ప్రాణం రాదు. హార్డ్ డిస్క్ మాత్రం బతికే ఉంది. దాన్ని ఊడదీసి, ఒక కేబులు సంపాదించి కొత్త కంప్యూటరుకి తగిలిస్తే, ఎప్పటివో విద్యార్థుల పాఠాల మధ్య ఆ ఆట కూడా దొరికింది. అక్క వారంనించి కుస్తీ పట్టింది దాంతోనే. పాత కంప్యూటర్లకు తగ్గట్టు నడవమని చెప్పే గడులన్నీ ఒక్కొక్కటీ టిక్కు పెట్టి చూసింది. ఇప్పుడు నేనూ అదే చేశాను. తెర అదే మాట చెప్పింది.

"ఈ ఆట రాసిన రోజుల్లో కంప్యూటర్ల భాష వేరక్కా. ఇప్పటివాటికి ఆ భాష పూర్తిగా పోయింది."

"అయితే మధ్యలో దుబాసీని పెట్టు."

సరిగ్గా అదే కావాలి. కొత్త కంప్యూటరులోనే ఒక మూల పాత కంప్యూటరులా వేషం కట్టే ప్రోగ్రాం ఒకటి ఉచితంగా దొరుకుతుంది. అది వేసి, ఆట ఫోల్డరు దానికి చూపించి, పేరు కొట్టాను. నల్లటి తెర ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత ఇటుక గోడలు లేచాయి.

అక్క రెండు చేతులూ చెంపలకి ఆనించుకుంది. ఇంతలో ట్యాంకులు గోడలోంచి గోడలోకి దూసుకుపోయి, ఎవరు ఎవర్ని పేల్చారో తెలియకుండానే ఆట ముగిసిపోయింది. ఆ రోజుల్లో ఇలాంటి ఆటలు కంప్యూటరు ఎంత వేగంగా ఉంటే అంత వేగంగా పరిగెత్తేవి. అప్పటి కంప్యూటరు ఎద్దుబండి. ఇప్పటిది రాకెట్టు.

వేగం తగ్గించడానికి ఆ ప్రోగ్రాములోనే వీలుంది. కానీ ఎంతకి తగ్గించాలి? అప్పటి వేగం ఎంతో ఎక్కడా రాసిలేదు. అక్క కళ్ళు మూసుకుంది.

"మొదట్లో వచ్చే ఆ పీపీ పాట వినిపించు. ఊఁ, ఇంకా తొందరపడుతోంది. తగ్గించు. ఇప్పుడు మరీ ఈడుస్తోంది, కొంచెం పెంచు. ఇంకొంచెం. ఆగాగు. ఇదీ."

టైపు నేర్పినన్నాళ్ళూ ఆవిడ విద్యార్థుల వేగాన్ని చెవితోనే పట్టుకునేదట. గది అవతల మూల ఎవరి వేలు తడబడినా వెనక్కి తిరగకుండానే పేరుపెట్టి పిలిచేది. ఆవిడ చెవిమీద నాకు నమ్మకం కుదిరింది.

మర్నాడు తమ్ముణ్ణి కిందికి తెచ్చారు. నేను ముందుగదిలో జిరాక్సు మిషను దగ్గర నిలబడ్డాను. ఆ పీపీ పాట మొదలవగానే ఆయన మొహం ఒకవైపు నవ్వింది. రెండోవైపు కూడా నవ్వాలని చూసింది. ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టేసుకున్నాడు. కుడిచేతిని అక్క ఎత్తి బాణాల కీలమీద పెట్టబోతే భుజంతో తోసి, తనే ఈడ్చి పెట్టుకున్నాడు.

మొదట ఆయన ట్యాంకు కదిలింది. మెల్లగా, తప్పటడుగులు వేస్తూ కదిలింది. మరదలు మెట్లమీద కూర్చుండిపోయింది. కానీ రెండు ట్యాంకులూ ఎదురుపడి అసలు ఆట మొదలయ్యేసరికి ఆయనది ఆగిపోయింది. ఆయన నొక్కుతున్నాడు. ట్యాంకు కదలదు, గుండు పేలదు. అక్క ట్యాంకు పేల్చేసింది. మళ్ళీ మొదలు. ఒంటరిగా ఉన్నంతసేపూ కదిలేది. అక్క మీదికొచ్చేసరికి బొమ్మలా నిలబడిపోయేది.

"కంగారుపడకు. వేలు మీద వేలు పడుతోందేమో చూసుకో," అంది అక్క. విద్యార్థులకి ఆవిడ నేర్పిన మొదటి సూత్రమే అది. తప్పు పడితే కీని తిట్టకు, వేలిని అడుగు. ఒత్తిడి పెరిగేకొద్దీ వేలు తేలిపోతోందనుకుంది. ఆయన చూడకుండా, నేను చూపించిన కీలు నొక్కి ఆట వేగం తగ్గించింది.

ఆయన బస్సు ఇంజను చప్పుడులో రవ్వంత తేడా వచ్చినా పట్టుకునే మనిషి. మరుసటి ఆటకి ఆ పాట ఈడ్చుకుంటూ మొదలవగానే తల తిప్పి అక్క వంక చూశాడు. "సరే!" అన్నాడు. కొట్టు గోడలు అదిరాయి. ఎడమచేత్తో కీబోర్డుని తోసేసి, కర్ర అందుకుని, ఎవరి సాయమూ లేకుండా మెట్లవైపు నడిచాడు.

ఆ తర్వాత ఆయన కిందికి రాలేదు. కసరత్తు అమ్మాయి వస్తే కళ్ళు మూసుకుని పడుకునేవాడు. కుడిచేతిని దుప్పటి కిందనుంచి తీయనివ్వలేదు. చూపించమంటే ఎడమచేత్తో దాన్ని ఇంకా లోపలికి దాచుకునేవాడు.

మళ్ళీ నేను వెళ్ళేసరికి అక్క కొట్లో ఒంటరిగా ఉంది. నా కాగితాలు టైపు చేసి పెట్టింది. వాటిని నావైపు జరిపింది.

"ఆ ఆట తీసేద్దామా? ఐకాను కనబడుతుంటే చూడలేకపోతున్నాను. మా మరదలు నాతో సరిగా మాట్లాడటంలేదు. దాని తప్పేమీ లేదు. ఆశ పెట్టింది నేనే కదా."

"తీసేద్దాంలే. ఒక్కసారి ఆడి చూడనీ. ఇంత తంటాలుపడి నడిపించాను, ఎలా ఉంటుందో నాకే తెలియదు."

తమ్ముడి కుర్చీలో కూర్చున్నాను. అక్క మనసు పెట్టకుండానే అక్షరాల కీలమీద వేళ్ళు వేసింది. అయినా ఆవిడ ట్యాంకు నామీదికి దూసుకొచ్చింది. నేను గుండు పేల్చే కీ నొక్కాను. పేలలేదు. మళ్ళీ నొక్కాను. ఈలోపు నన్ను పేల్చేసింది.

"నాకూ పలకట్లేదక్కా," అని నవ్వాను.

"సరిగ్గా నొక్కితే ఎందుకు పలకదు? నీ వేలు..."

ఆవిడ మాట ఆగిపోయింది. నా చేతివంక చూసింది. నా చేతికి ఏ జబ్బూ లేదు.

"మళ్ళీ నొక్కు."

"నొక్కాను. పేలలేదు."

"నేను చేతులు తీసేస్తున్నాను. ఇప్పుడు నొక్కు."

పేలింది.

ఆవిడ మళ్ళీ ముందుకి నడిపే కీ, గుండు పేల్చే కీ రెండూ నొక్కి పట్టుకుంది. "ఇప్పుడు."

పేలలేదు.

ఆవిడ చేతులు కీబోర్డుమీంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. వాటివంక చూసుకుంది. నేను చెప్పడానికి ప్రయత్నించాను. చవక కీబోర్డుల్లో లోపలి తీగలు చాలా కీలకి ఉమ్మడిగా ఉంటాయి. రెండు కీలు పట్టుకుని ఉన్నప్పుడు మూడోది నొక్కితే ఏది ఎవరిదో పోల్చుకోలేక కీబోర్డు దాన్ని మింగేస్తుంది. పాత కంప్యూటరుతో వచ్చిన ఆ బరువు కీబోర్డుతో ఈ కీలకి ఆ బాధ ఉండేది కాదేమో.

"ఇన్నేళ్ళు కీబోర్డుమీదే బతికాను. ఎప్పుడూ తెలియలేదే!"

"టైపు చేసేవాళ్ళు ఒకటి వదిలి ఇంకోటి నొక్కుతారక్కా. మూడూ ఒకేసారి ఎవరు పట్టుకుంటారు?"

"అంటే వాడు నొక్కాడు," అంది. నాతో కాదు. "నొక్కినప్పుడల్లా నా చెయ్యే అడ్డంపడింది. పైపెచ్చు వాడి వేలిదే తప్పన్నాను."

రెండో కంప్యూటరు కీబోర్డు పీకి తెచ్చి దీనికి తగిలించాను. కంప్యూటరుకి రెండు కీబోర్డులున్నా అభ్యంతరం ఉండదు. ఎవరి కీబోర్డు వారిది కాబట్టి ఒకరి చెయ్యి ఇంకొకరికి అడ్డం రాదు. ఆవిడ రెండు కీలు పట్టుకుంది. నేను నొక్కాను. గుండు పేలింది, ఆవిడ ట్యాంకు ముక్కలైంది. అక్క నన్ను రెక్క పట్టుకుని లేపింది. "పైకి పద."

పైన తమ్ముడు కుడిచేతిమీద దుప్పటి కప్పుకుని కిటికీవైపు తిరిగి కూర్చున్నాడు. మరదలు కూరగాయలు తరుగుతోంది. అక్క చేతిలో కీబోర్డు చూడగానే కత్తి ఆపింది.

"వద్దు వదినా. ఇంకోసారి ఆశపడి ఓడిపోయాడంటే ఇక మంచం దిగడు. నీకు దణ్ణం పెడతాను, ఆ ఆట మాట ఎత్తకు."

అక్క నేరుగా లోపలికి వెళ్ళింది. తమ్ముడి ఎదురుగా కిందే కూర్చుని కీబోర్డు ఆయన ఒళ్ళో పెట్టింది.

"ఒరేయ్, ఇటు చూడు. ఆరోజు నీ వేలు నొక్కింది. ప్రతిసారీ నొక్కింది. నేను రెండు కీలు పట్టుకుని ఉంటే నీది ఈ దరిద్రప్పెట్టెకి వినబడలేదు. నాకు తెలియక వేగం తగ్గించాను. నీ చేతిలో లోపం లేదని చెప్పట్లేదు, ఉంది. కానీ ఆరోజు ఓడింది దానివల్ల కాదు."

ఆయన కదల్లేదు. ఆవిడ నన్ను చూపించింది. "ఇదిగో, ఈయన్ని అడుగు. రెండు చేతులూ దుక్కల్లా ఉన్న మనిషి. ఈయనకీ పలకలేదు." నేను తల ఊపాను. ఆయన నా చేతులు చూశాడు, దుప్పటి కిందున్న తన చేతివైపు చూసుకున్నాడు. చాలా నెమ్మదిగా "సరే" అన్నాడు. అది ఏ సరేయో మరదలికి కూడా తెలియలేదు. ఆవిడ మా ముగ్గుర్నీ మార్చి మార్చి చూసింది.

మర్నాటి మధ్యాహ్నం నేను ముందుగదిలో జిరాక్సు మిషను దగ్గర ఉండగా మెట్లమీద కర్ర చప్పుడు వినబడింది. ఒక మెట్టు, ఆగడం, ఇంకో మెట్టు. అక్క వెనక్కి తిరగకుండా మౌసు గట్టిగా పట్టుకుని కూర్చుంది. మరదలు పక్కనుండి దించగా ఆయన వచ్చి తన కుర్చీలో కూర్చుని, పాట వినేదాకా కీబోర్డు ముట్టలేదు. పాట సరైన వేగంలోనే వచ్చింది. అప్పుడు చెయ్యి ఈడ్చి పెట్టుకున్నాడు.

చూపుడువేలు కీమీద ఆని, వణికి, దిగడానికి ఎంతసేపు పట్టేదో! అక్క ట్యాంకు ఈలోగా రెండు వీధులు తిరిగొచ్చేది. మొదట ఆయన ఓడాడు. మళ్ళీ ఓడాడు. కానీ గుండు పేలింది. ప్రతి నొక్కుకీ ఒకటి పేలింది. గోడలో ఇటుక ఊడినప్పుడల్లా ఆయన భుజం ముందుకి జరిగింది. తర్వాత ఒక ఆటలో ఎక్కడికీ వెళ్ళకుండా మూల మలుపులో మాటువేసి కూర్చున్నాడు. అక్క ధీమాగా మలుపు తిరిగింది. వేలు దిగింది. అక్క ట్యాంకు పేలిపోయింది.

మెట్లమీదున్న మరదలు లేచి నిలబడింది. ఆయన తెరవంక చూడటంలేదు. తన వేలినే చూసుకుంటున్నాడు.

మరుసటి ఆటలో అక్క ట్యాంకు తిన్నగా ఆయన ఎదురుగా వచ్చింది. గోడచాటుకి పోలేదు, గుండు పేల్చలేదు. అక్కడే నిలబడింది. ఆయనా నొక్కలేదు. రెండు ట్యాంకులూ ఎదురెదురుగా అలాగే ఉండిపోయాయి. ఆయన తల తిప్పి అక్క వంక చూసి, కుడిచేతిని కీబోర్డుమీంచి లాక్కున్నాడు. "సరే," అన్నాడు, అలసిపోయిన గొంతుతో. కర్రకోసం ఎడమచేత్తో వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

అక్క లేచి ముందుగదిలోకి, నేనున్న చోటికి వచ్చింది. 

"నావల్ల కావట్లేదయ్యా," అంది, లోపలికి వినబడకుండా. "కావాలని చెయ్యలేదు. వాడి వేలు వణకడం కంటపడితే నా చేతులు నా మాట వినట్లేదు. నేను వదిలేస్తున్నానని వాడికి తెలిసిపోయింది. మా మరదలు కూర్చున్నా అదే చేస్తుంది. నువ్వయితే పరాయివాడివి. పైగా మొన్న చూశాను కదా, నీకేమంత ఆట రాదు. వెళ్ళి నా కుర్చీలో కూర్చో. వాడి చెయ్యివంక చూడకు, తెరవంకే చూడు. పేల్చే వీలు దొరికిందంటే పేల్చెయ్, ఆలోచించకు. ఓడిపోతే నిజంగా ఓడిపో. వెళ్ళు, వాడు కర్ర అందుకుంటున్నాడు, లేచేలోపు వెళ్ళి కూర్చో."